ఫోటోల ఎనుక కనవడేది

మొన్న ఎండాకాలం మా అమ్మ వాకిట్ల చాప ఏసుకొని చింతపండు గింజలు తీస్తాంది, ఒకదిక్కు తీసిన చింతపండు కుప్ప, ఒకదిక్కు గింజలు, చేతిల చిన్న సుత్తె, కొంగు జారినా సోయి లేదు. మా మేనల్లుడు వచ్చిండు, బీటెక్ పోరడు, కొత్త ఫోన్ కొన్నడు, అమ్మమ్మా ఇటు సూడు అని టక్కున ఒకటి కొట్టి నాకు తెచ్చి సూపెట్టిండు, మామా పోర్ట్రెయిట్ మోడ్, ఎట్లొచ్చిందో సూడు అని. మొకం మంచిగనే వచ్చింది, ముడతలు లెక్కవెట్టొచ్చు. కని ఎనుకున్నదంతా పొగమంచు పట్టినట్టు అయిపోయింది. చింతపండు కుప్ప ఒక ఎర్ర మచ్చ, సీతాఫలం చెట్టు ఒక పచ్చ మచ్చ, సుత్తె అయితే సగమే ఉంది, మిగిలిన సగం ఫోన్ మింగింది. అమ్మకు సూపెడితే దగ్గర పెట్టి దూరం పెట్టి చూసి, "అద్దాలు పెట్టుకోకుంటె నాకు రోజు గిట్లనే కనవడ్తది కొడుకా, దీనికి గన్ని పైసలెందుకు పెట్టిన్రు" అన్నది.

నవ్వుకున్నం అందరం. కని ఆ రాత్రి నాకు పాత పనంతా యాదికొచ్చి నిద్ర పట్టలే. ముప్పై ఏండ్లు నేను చేసిన పని అంతా ఆ ఎనుకున్నదాని గురించే గదా అనిపించింది. అందుకే రాస్తాన, జర పెద్దగనే అయితది, ఓపిక ఉన్నోళ్ళు చదువుండ్రి.

1987ల ఇంటర్ రెండోసారి తప్పినంక మా నాయిన నన్ను వరంగల్ స్టేషన్ రోడ్డుల ఒక ఫోటో స్టూడియోల పనికి పెట్టిండు. నాయిన ఆజంజాహి మిల్లుల స్పిన్నింగ్ దిక్కు పనిచేసేటోడు, 1934ల నిజాం కాలంల పెట్టిన మిల్లు అది, మా తాత కూడ అండ్లనే చేసిండు, కని నా వంతు వచ్చేసరికి మిల్లు సంగతి అప్పటికే డల్లయింది, కొత్తోళ్ళను తీసుకునే ముచ్చట లేదు. స్టూడియో ఓనర్ను అందరు ఉస్తాద్ అనేటోళ్ళు, నేను గూడ అట్లనే పిలిచిన, ఇప్పటికీ వేరే పేరు నోట్లకు రాదు.

ఆ స్టూడియోల పరదా ఒకటి ఉండె. దాని గురించి చెప్పాలె. నీలం రంగు చెరువు, రెండు తెల్ల హంసలు, ఎనుక ఒక బంగ్లా, అది తాజ్‌మహల్ కాదు చార్మినార్ కాదు, పక్కకు మెట్లు, ఆ మెట్లు ఎక్కితే యాడికి పోతయో గీసినాయనకు గూడ తెల్వదు. మూలకు చిరిగితే ఉస్తాద్ భార్య కుట్టింది, ఆ కుట్టు కనవడకుండ పూలకుండీ పెట్టేటోళ్ళం. గోడ మొలకు ఒక నల్లకోటు, ముంగట మంచిగుంటది, ఎనుక నిలువున చీలి ఉంటది, సన్నగున్నోళ్ళకు బట్టల క్లిప్పులు పెట్టి బిగించుడు, లావున్నోళ్ళకు అట్లనే ఇడిసిపెట్టుడు. ఎలాస్టిక్ టై, తీగ లేని టెలిఫోన్, పాండ్స్ పౌడర్ డబ్బా, దారం కట్టిన దువ్వెన. మా నాయిన ఫోటో ఉన్నది ఒక్కటే ఒక్కటి, అది గా కోటేసుకొని గా చెరువు ఒడ్డుమీదనే.

పరదాను పైనుంచి ఒక ఎదురు బొంగుకు కట్టి ఏలాడదీసేది. నా మొదటి డ్యూటీ ఏందంటే ఆ బొంగు ఫోటోల కనవడకుండ చూసుడు. పొడుగున్న మనిషి వస్తె పరదాను జర పైకి గుంజాలె, లేకపోతే తలమీద బొంగు దూలం లెక్క వస్తది. పనికి కుదిరిన మొదటి వారంలనే ఒక కొత్త జంట ఫోటోల నేను బొంగు మర్చిపోయిన, పెండ్లికొడుకు నెత్తిమీదికెల్లి బొంగు పోతాంది, వాళ్ళు ప్రింట్ తీసుకోలే, ఉస్తాద్ సొంత పైసలతోని మళ్ళ రప్పిచ్చి మళ్ళ తీసిండు. అప్పటిసంది నేను స్టాండు మీద చెయ్యి పెట్టంగనే లోపటికెల్లి ఒకటే కేక, "బొంగు కనవడొద్దు!"

నేను ఒకసారి అడిగిన, ఉస్తాద్, అందరికీ గదే చెరువు ఎందుకు, వాళ్ళ ఇంటికాడనో దుకాణంలనో తీస్తె మంచిగుంటది గదా అని. ఆయన రీటచింగ్ పెన్సిల్ పక్కకు పెట్టి నన్ను ఎగాదిగ సూసి అన్నడు, "ఇంటికాడి బతుకు రోజు సూస్తనే ఉంటరుర. మళ్ళ పైసలు పెట్టి దాన్నే కొనుక్కుంటరా?" జవాబు తోచలే. ఇప్పటికీ ఆ మాటకు నా దగ్గర పక్కా జవాబు లేదు, నిజం చెప్పాలంటే. తర్వాత ఆయన రాజా దీన్‌దయాళ్ ముచ్చట మొదలుపెట్టేటోడు, ఆరో నిజాం కాడ ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌ల స్టూడియో, ఎంత పెద్ద పెద్దోళ్ళు వచ్చి ఆయన కెమెరా ముంగట కదలకుండ కూసున్నరు అని. పరదా అంటే మర్యాద, అది ఆయన లెక్క.

కొత్తవాడ అంటె వరంగల్‌ల నేతపనోళ్ళ వాడ, ఆడి ముచ్చట ఆ తర్వాతది. 1989 అనుకుంట, కొత్తవాడ కెల్లి ఒకాయన వచ్చిండు, మా నాయిన ఫోటో కావాలె పింఛన్ కాయితానికి, ఆయనకు మోకాళ్ళ నొప్పులు రాలేడు, ఇంటికొచ్చి తియ్యండ్రి అని. ఉస్తాద్ నాకు యాషికా మ్యాట్ ఇచ్చి పంపిండు. ఆ కెమెరా తెల్వనోళ్ళకు చెప్తాన, డబ్బా తీరుగ ఉంటది, రెండు లెన్సులు పైనొకటి కిందొకటి, పైకెల్లి మూత తీసి కిందికి వంగి అద్దంల చూడాలె, అండ్ల కుడి ఎడమ తారుమారుగ కనవడ్తది. 120 రీలు, పన్నెండే ఫోటోలు. దాని గొప్పతనం నాకు చానా రోజులకు సమజైంది, మనం కండ్లకు కెమెరా ఆనిచ్చి ఎదుటోని మొకంల మొకం పెట్టి గురి చూసుడు ఉండదు, బొడ్డుకాడ పట్టుకొని తల వంచి చూస్తం, ఎదుటోనికి మనం దండం పెట్టినట్టు కనవడ్తది, బిగుసుకపోడు.

పోయిన. పెంకుటిల్లు, ముంగటి అర్రల గుంత మగ్గం. తాత గుంతల కాళ్ళు పెట్టుకొని జంపఖానా నేస్తాండు. పింఛన్ ఫోటో రెండు తీసిన తలుపుకాడ కూసోబెట్టి, అయిపోయింది. ఆయన లేసి మళ్ళ మగ్గం మీదికే పోయిండు, నన్ను మర్చిపోయిండు. రీలుల ఇంక పది ఉన్నయి.

అర్ర అంతా చీకటి, ఒక్క కిటికీ, అది గూడ సగం మూసి ఉంది. కని పైన పెంకల నడుమ ఒక గాజుపెంక ఉంది, దానికెల్లి ఎండ ఒక పలక లెక్క కిందికి దిగుతాంది. ఆ ఎండ పలక పొద్దుగాల గోడమీద ఉంటదట, పదకొండు గొట్టంగ మగ్గం మీదికొస్తది, పన్నెండు దాటితె దిగిపోతది. తాత గా టైంలనే డిజైన్ ఉన్న దగ్గర నేస్తడు, ఉత్త పట్టీలు మిగిలిన టైంల. నేను గాజుపెంక కింద ఎండ కోసం కూసున్న అనుకున్న, ఆయన నలభై ఏండ్లసంది గదే ఎండ కోసం కూసుంటాండు. గంటసేపు ఏం తియ్యలే, మంచినీళ్ళు తాగిన, వాళ్ళ కోడలు చాయ్ ఇచ్చింది, చూసుకుంట కూసున్న.

అంత చీకట్ల, తక్కువ వెలుతురుకు పనికొచ్చే 400 ఏఎస్‌ఏ రీలుకు గూడ సెకన్ల 1/15 వంతు కంటె జల్ది తియ్యరాదు, లెన్స్ ఎఫ్ 4 కాడ తెరిచినా. 1/15ల నేసే చెయ్యి దూది లెక్క అయితది. అయితె చూడంగ చూడంగ తెలిసింది ఏందంటే నాడె, అంటె పేక దారం అటు ఇటు మోసేది, అటుదిక్కుకు చేరినంక ఒక్క లిప్త పాటు మొత్తం ఆగుతది, చెయ్యి, తల, భుజం అన్నీ, మళ్ళ ఆ దారాన్ని దగ్గరికి కొట్టే పన్నె గుంజేముంగట. గంటల కొద్ది చూస్తె ఆ ఆగుడు మన ఊపిరిల గూడ పడ్తది. అప్పుడు నొక్కిన. పదిల ఆరు షేక్ అయినయి, మూడు పర్వాలేదు, ఒక్కటి మాత్రం నిలవడ్డది.

మే నెల. మన వరంగల్ ఎండ సంగతి చెప్పేదేముంది, నల్లా తిప్పితె కాగిన నీళ్ళు వస్తయి. ఫిల్మ్ కడిగే మందు, డి-76 డెవలపర్, 20 డిగ్రీలకాడ పనిచెయ్యాలె, వేడి నీళ్ళల్ల కడిగితె ఫిల్మ్ మీది పూత మెత్తగై బుడిపెలు లేస్తది. ఐస్ ఫ్యాక్టరీ పోయి గడ్డ తెచ్చి ఊకపొట్టు కడిగి బకెట్ల ఏసి, అండ్ల సీసాలు నిలబెట్టి, థర్మామీటర్ చూసుకుంట, చేతులు వంకర్లు పోయేటియి చలికి, బయటేమో 43. డార్క్‌రూంల ఎర్రలైటు కింద కాయితం మీద బొమ్మ తేలుతాంటె ముందు గాజుపెంక ఎండ వచ్చింది, తర్వాత తాత నుదురు, తర్వాత మగ్గం దారాలు ఒక్కటొక్కటి. ఉస్తాద్ వచ్చి ఎనుక నిలవడి చూసిండు. ఏమనలే. "నల్లగుంది" అన్నడు అంతే.

పెద్ద ప్రింట్ చేసి కొత్తవాడ పట్టుకపోయిన, నాకు గర్వం ఎంత ఉందో చెప్పరాదు. తాత ఫోటోను రెండు చేతులతోని పట్టుకొని కిటికీ కాడికి పోయిండు. మొకం చూసుకుంటడు అనుకున్న. మొకం దిక్కు చూడనే లేదు. మగ్గం మీది జంపఖానా మీద వేలు పెట్టి మెల్లగ జరుపుకుంట పోయిండు, మెట్లు మెట్లుగ ఉంటది ఆ డిజైన్, ఒకదగ్గర వేలు ఆగింది. కొడుకును పిలిచిండు. ఇద్దరు వంగి చూసిన్రు.

"పోగు తప్పింది" అన్నడు తాత.

నాకు ఏం కనవడలే. ఆయన గోరుతోని సూపెట్టిండు, మూడో మెట్టు కాడ పేకల ఒక పోగు తప్పి మెట్టు అంచు కొద్దిగ కరిగింది. గింజంత. ఆ జంపఖానా నేసుడైంది, సొసైటీకి పోయింది, ఎవరింట్లనో పరిచి గూడ ఉంటరు. నేసేటప్పుడు దొరకని తప్పు నా ఫోటోల దొరికింది. తాత మొకం ఎట్లయిందంటే, పరీక్ష పాసైనంక మార్కుల లిస్టుల తప్పు దొరికినోని లెక్క. ఫోటో నాకే వాపస్ ఇచ్చిండు. "ఇది బయట పెట్టకు బిడ్డా, ఎవలన్న చూస్తె నా పేరు పోతది" అన్నడు. మొకం మంచిగొచ్చింది తాతా అంటె, "మొకానిదేముంది" అన్నడు.

వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ ట్యాగ్, అంటె ఇది ఈ ఊరి సరుకే అనే సర్కారు గుర్తింపు, వచ్చినప్పుడు ఒక ఫ్రెండ్ ఫోన్ చేసి నీ దగ్గర పాత కొత్తవాడ ఫోటో ఉండాలె గదా పెట్టరాదు అన్నడు. పెట్టలే. ఇప్పుడు గూడ పెడ్తలేను, ఎవరు అడగొద్దు. తాత లేడు, కని మాట ఉంది.

ఆ రోజుసంది నాకొక పిచ్చి పట్టింది, ఎవరి ఫోటో వాళ్ళకిచ్చినా వాళ్ళ వేలు ముందు యాడికి పోతదో చూసుడు. మీరు గూడ చూడుండ్రి. మనం మొకం అనుకుంటం, వెలుతురు అనుకుంటం, వాళ్ళ వేలు ఎనుకకు పోతది.

పరకాల దిక్కు ఒక గౌడ్ మామ ఉండేటోడు, తాటిచెట్టు మీద తీసిన ఆయన్ను, కింది కెల్లి పైకి, ఆకాశం ఎనుక, మోకు నడుముకు బిగించి లొట్టి పట్టుకొని, నాకైతే సినిమా పోస్టర్ లెక్క కనవడ్డది. ఫోటో చూసి ఆయన మొదటిమాట, "అల్లుడా, నువ్వు ఇంకొకసారి ఇంకొకసారి అని ఆపితివి, మోకు గీడ జారి ఉంది సూడు, గిట్ల చూస్తె మా ఇంటిది నన్ను చెట్టెక్కనిస్తదా?" నా ఫోటో కోసం ఒక మనిషి నలభై అడుగుల మీద మోకు సరిచేసుకోకుండ ఆగిండు. ఆ మాట విన్నంక నాకు కాళ్ళు వణికినయి. చెట్టుమీదున్న మనిషిని ఆగు అనుడు ఆ రోజే బంద్ పెట్టిన. ఆయన దిగినంక చెట్టు మొదట్ల, ముస్తాదు భుజానేసుకొని నిలవడ్డప్పుడు తీసినదే ఇచ్చిన, అదే వాళ్ళింట్ల ఉంది.

1992ల అనుకుంట, హైదరాబాద్ పోయినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్ల ఒక ఫోటోగ్రఫీ మ్యాగజైన్ దొరికింది, అట్ట లేదు, అయిదు రూపాయలు. అండ్ల ఆర్నాల్డ్ న్యూమన్ అనే అమెరికాయన గురించి ఉంది. ఆయన గూడ మనుషులను వాళ్ళ పనికాడనే తీసేటోడట, స్టూడియోకు పిలిచేది తక్కువ. 1946ల స్ట్రావిన్‌స్కీ అనే సంగీతం ఆయనను తీసిండు, ఫోటోల మనిషి ఎడమ మూలకు ఇంతంత ఉంటడు, మిగిలిన జాగంతా పియానో మూతనే, నల్లగ, పైకి లేపి, సంగీతం రాసే గుర్తు ఒకటి నిలబెట్టినట్టు ఉంటది. ఏ మ్యాగజైన్ కోసం తీసిండో వాళ్ళు దాన్ని వద్దన్నరట. నేనైతే బస్సుల హన్మకొండ దాకా గదే పేజీ చూసిన. జనగామ దాటినంక చీకటైంది, అప్పుడు గూడ ఇడువలే.

ఇంకో ఫోటో ఉంది ఆయనది, 1963ల తీసింది, జర్మనీల క్రుప్ప్ అని ఒక ఫ్యాక్టరీల మారాజు, హిట్లర్ కాలంల బందీలతోని బానిస చాకిరి చేయించిండని యుద్ధం అయినంక జైలుశిక్ష పడ్డోడు. న్యూమన్ యూదు. ఆయనను వాళ్ళ ఫ్యాక్టరీలనే కూసోబెట్టి, రెండు దిక్కుల కెల్లి లైట్లు కొట్టిండు, ముంగటికి వంగమన్నడు, నొక్కిండు. మొకం దయ్యం లెక్క వచ్చింది. ఎనుక ఆయన ఫ్యాక్టరీనే, ఆయన సొంత ఫ్యాక్టరీ, అదే సాక్షం చెప్పినట్టు ఉంటది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే కొత్తవాడ తాత యాదికొచ్చిండు. ఎనుకున్నది మనిషిని పొగుడుతది అనుకుంటం గని, పట్టిస్తది గూడ. తాత ఏం తప్పు చెయ్యలే, గింజంత పోగు. కని ఆయన భయపడ్డది కరెక్టు చోట్నే భయపడ్డడు.

అప్పటికి నేను సెకండ్ హ్యాండ్ల పెంటాక్స్ కె1000 కొన్న, దానికి 28 ఎంఎం లెన్స్. ఇరుకు ఇండ్లల్ల అదే దిక్కు, గోడకు వీపు ఆనిచ్చినా మనిషి, పొయ్యి, దేవుని గూడు అన్నీ వస్తయి. కని దానితోని మనిషిని అంచులకు పెట్టొద్దు, మోచేయి సొరకాయంత అయితది, ఒక పెండ్లిల ఒక మేనత్త చెయ్యి అట్ల సాగితె నాతోని రెండేండ్లు మాట్లాడలే. ఫ్లాష్ గూడ అంతే, పుస్తకంల రాస్తరు స్లాబుకు కొట్టి కిందికి రానియ్యాలె అని, మన పెంకుటిండ్లల్ల పొగపట్టిన నల్ల వాసాలకు కొడితె అండ్లనే పోతది వాపస్ రాదు, పచ్చ సున్నం గోడకు కొడితె మనిషి పసిరికలు వచ్చినట్టు అయితడు. చివరికి ఏం చేసేటోన్ని అంటె, వాళ్ళింట్లదే ఒక తెల్లధోతి ఇద్దరు పిల్లలకిచ్చి తలుపుకాడ పట్టుకోమనేటోన్ని, ఎండ దానిమీద పడి లోపటికి మెత్తగ పోయేది. పిల్లలకు ఖుషి, నాకు పైసల్ లేని లైటు.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజన్ల తీసినయి చానా ఉన్నయి, ఎర్రటి గుట్టలు, నడుమ హమాలీలు, కాంటాలు. వాటి గురించి ఎక్కువ చెప్పను, అందరు తీస్తరు అవి, కలరే సగం పని చేస్తది. మూడు రోజులు తుమ్ముకుంట తీసిన, కెమెరా సందులల్ల మిరపగింజలు ఇరికినయి. ఒక హమాలీ అన్న మాట మాత్రం యాదికుంది, "మిర్చి మంచిగ కనవడ్తాంది గని, అండ్ల నేను యాడున్న?" కరెక్టే గదా. ఎనుకున్నది మస్తు బాగుంటె మనిషి గడ్డిల సూది అయితడు.

కోరుట్ల ముచ్చట ఇంక చెప్పాలె, అది నా తప్పు.

ఒక దోస్త్ పెండ్లికి పోయిన ఆడికి. ఆ దిక్కు ఇంటింటికీ బీడీలు, ఇంటింటికీ ఒకలు దుబాయ్‌లనో మస్కట్‌లనో. దోస్త్ వాళ్ళ పక్కింట్ల ఒక అక్క గోడకు ఆనుకొని చాట ఒళ్ళె పెట్టుకొని బీడీలు చేస్తాంది, ఆకు కత్తిరిచ్చుడు, జర్దా ఏసుడు, చుట్టుడు, దారం కట్టుడు, నోట్ల మాట నడుస్తనే ఉంది, చేతులు వాటి పని అవి చేస్తానయి, చూపు చాట మీద గూడ లేదు. అక్కా ఒక ఫోటో తీస్త అంటె తియ్యి తమ్మి అన్నది. చూసిన, అంతా మంచిగుంది, ఎనుక గోడకు ఒక ఫ్రేమ్ ఫోటో ఉంది, దాని అద్దం మీద తలుపు వెలుతురు పడి మెరుస్తాంది. నాకు కండ్లల్ల గుచ్చుకుంటాంది ఆ మెరుపు. మంచి ఫోటోగ్రాఫర్ను గదా, బ్యాక్‌గ్రౌండ్ క్లీన్ ఉండాలె అని చదువుకున్న. జర ఒకపక్క జరిగి ఆ ఫ్రేమ్ పోయేటట్టు తీసిన. గోడ, అక్క, చాట, వెలుతురు. మస్తు కుదిరింది.

రెండు నెలలకు దోస్త్ చేతికిచ్చి పంపిన ప్రింట్. తర్వాత వాడు చెప్పిండు. ఆ అక్క చూసి సంబురపడ్డదట, ఇంత మంచిగున్ననా అన్నదట, ఆనంక అటు తిప్పి ఇటు తిప్పి, "మా ఆయన ఏడి?" అన్నదట. ఆ ఫ్రేమ్‌ల ఉన్నది ఆమె పెనిమిటి. మస్కట్ పోయి అయిదేండ్లు. ఆ గోడ కిందనే ఆమె రోజు కూసునేది ఎందుకంటె నెత్తిమీద ఆ ఫోటో ఉందని. ఇద్దరు ఒక్క ఫోటోల వస్తరు అని తియ్యమన్నది, అది ఆయనకు పంపుదామని. నేను మెరుపు పడ్తాందని మనిషిని తీసేసిన.

మళ్ళ పోయి తీస్త అని చెప్పి పంపిన. పోలే. పనులు పడ్డయి, పిల్లలు పుట్టిన్రు, వాయిదా వాయిదా అయింది. ఒక బస్సు దూరమే. ఇది రాస్తాంటె గూడ సిగ్గనిపిస్తాంది.

అయితె ఆ తర్వాత ఎవరింటికి పోయినా కెమెరా తియ్యకముందు ఒకటి అడుగుడు అలవాటు చేసుకున్న, "ఎనుక ఏం రావాలె?" అని. ఈ ఒక్క ప్రశ్నకు జనం ఏం చెప్తరో మీరు ఊహించలేరు. తొంభైలల్ల అయితె ఫ్రిజ్. కొత్త ఫ్రిజ్ వంటింట్ల పెట్టేటోళ్ళు కాదు, హాల్‌ల సోఫా పక్కన, దాని మీద అల్లిన గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు, ఇంటిల్లిపాది దాని చుట్టు నిలవడేటోళ్ళు, ముసలాయనకు చెయ్యి ఫ్రిజ్ మీద పెట్టాలె. ఒక ఆర్‌ఎంపీ డాక్టర్ సాబ్ పక్క ఊరికెల్లి బీపీ మిషన్ తెప్పిచ్చిండు ఫోటో కోసం. ఒక హెడ్‌మాస్టర్ సార్ గ్లోబు కావాలన్నడు, తెస్తె దాని స్టాండు విరిగింది, కిందికెల్లి ఒక పిలగాడు పట్టుకున్నడు, జాగ్రత్తగ చూస్తె ఫోటోల రెండు చిన్న వేళ్ళు కనవడ్తయి. ఒక ముసలమ్మ మాత్రం బాయి కావాలన్నది. ఎండిపోయిన బాయి. నా అత్తగారింటికొచ్చిన కొత్తల తోడిన నీళ్ళు ఎన్నో, దాన్ని రానియ్యి అన్నది.

మొదట్ల నాకు ఇది మోసం అనిపిచ్చేది, ఫ్రిజ్ ఏంది, గ్లోబు ఏంది, ఉన్నది ఉన్నట్టు తియ్యాలె గదా అని. తర్వాత తర్వాత ఆ పట్టింపు పోయింది. వాళ్ళిల్లు, వాళ్ళ ఎనుక.

మా నాయినను మాత్రం ఎన్నడు అడగలే. ఊర్లోళ్ళందర్ని పనికాడ తీసిన, నాయినను మిషన్ కాడ తియ్యాలె అని తోచనే లేదు, రోజు చూసే మనిషి గదా, తీస్తతియ్ అనుకున్న. 2002ల మిల్లు మూతపడ్డది. దూది పోగులు ఎంట్రుకలల్ల, కనుబొమ్మల్ల పెట్టుకొని సైకిల్ మీద ఇంటికొచ్చేటోడు, అమ్మ తలుపుకాడ కొంగుతోని దులిపేది, అది ఒక్క ఫ్రేమ్ గూడ లేదు నా దగ్గర. ఉన్నది గా చెరువు, గా హంసలు, కోటు.

స్టూడియో 2008ల బంద్ అయింది. డిజిటల్ వచ్చినంక అందరి చేతులల్ల కెమెరాలాయె. సామాను తీసేసే రోజు ఉస్తాద్ ఫోన్ చేసిండు, ఎన్‌లార్జర్, గా నెగెటివ్‌ను పెద్దగ చేసి ప్రింట్ కొట్టే మిషన్, నువ్వు తీసుకపో, ఇనుపోనికి ఇయ్య బుద్ధయితలేదు అని. పోయిన, పెంటాక్స్ తీసుకొనే పోయిన, అండ్ల సగం రీలు ఉంది. ఉస్తాద్, ఒకటి తీస్త కూసో అన్న. ఆయన ఏమన్నడో చెప్పక్కర్లే, పరదా ఇంక ఇప్పలే గదా, దాని ముంగటనే స్టూలు ఏసుకొని కూసున్నడు. తల దువ్వుకున్నడు దారం కట్టిన దువ్వెనతోని.

లైటు సరిచేసుకుంట నేను ఇర్వింగ్ పెన్ ముచ్చట చెప్పిన. న్యూమన్‌కు ఉల్టా మనిషి. 1950, 51 ఆ టైంల పారిస్, లండన్, న్యూయార్క్‌ల కసాయోళ్ళను, చేపలమ్మేటోళ్ళను, ఊడ్చేటోళ్ళను వాళ్ళ పనిముట్లతోని సహా స్టూడియోకే పిలిచి, ఒక పరదా ముంగట నిలబెట్టి తీసిండు, నీ తీర్గనే ఉస్తాద్ అన్న. ఆయన కండ్లు మెరిసినయి. "సూసినవా!" అన్నడు. ఆనంక, "గాయన పరదా యాడిది?" అన్నడు. పారిస్‌ల ఒక పాత థియేటర్‌దట అన్న. "బొమ్మ ఏముంది దానిమీద?" ఏం లేదు, ఉత్త బూడిద రంగు మచ్చలు అన్న. ఉస్తాద్ జరసేపు ఆలోచిచ్చి, "మరి గదేం పరదా" అన్నడు.

ఆ "మరి గదేం పరదా" అన్న మొకం మీదనే నొక్కిన. కని నొక్కకముందు నాలుగు అడుగులు ఎనుకకు జరిగిన, గల్లా టేబుల్ నడుముకు తాకేదాక. 28 ఎంఎంల అంతా వచ్చింది. నడుమ ఉస్తాద్, ఎనుక చెరువు, హంసలు, మెట్లు, అటు మొలకు కోటు, చీలిన వీపు మనదిక్కే, ఇటు పౌడర్ డబ్బా, లైటు స్టాండు వైరు, కుండీ, కుట్టు, పైన బొంగు ఈ కొస నుంచి ఆ కొస దాక, దానికి కట్టిన సుతిలి ముడులు, ఒకటి నేను 1987ల కట్టిందే.

వారంకు ప్రింట్ పట్టుకపోయిన వాళ్ళింటికి. ఉస్తాద్ అద్దాలు పెట్టుకున్నడు. నేను ఆయన వేలు దిక్కే చూస్తాన. వేలు లేసింది, మొకం దాటింది, మెట్లు దాటింది, పైకి పోయింది.

"బొంగు కనవడ్తాంది" అన్నడు.

తెలుసు ఉస్తాద్, కావాలనే ఉంచిన అన్న. ఆయన నన్ను మొదటి వారంల చూసినట్టే చూసిండు. "కట్ చెయ్" అన్నడు.

కట్ చేసి ఇంకొక ప్రింట్ చేసిచ్చిన, నడుము దాక ఉస్తాద్, ఎనుక చెరువు, రెండు హంసలు. అదే ఫ్రేమ్ కట్టిచ్చుకున్నడు. నెగెటివ్ నా దగ్గర ఉంది, బొంగు ఉంది అండ్ల.